దార్జిలింగు కొండబండి: పాత పటముల సాక్ష్యము



పాత ఫొటో పటమొకటి చేతికి వచ్చినప్పుడు మనము మొదట చూచునది మనుష్యులను. వీరెవరు, ఆ ప్రక్కనున్నవారెవరు అని అడుగుదుము. ఆ మనుష్యులు ఏ నేలమీద నిలిచియుండిరో అడుగువారు తక్కువ. నేటి నా ప్రసంగము ఈ రెండవ ప్రశ్నను గూర్చినది. ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటి కలదు. దానిని దాచక చెప్పెదను. ఏలయన, ఆ పొరపాటు లేనిచో నేను నేర్చుకొన్నది నేర్చుకొనియుండను.

మా యూరిలో నేను బాబాయిగారని పిలుచు వృద్ధులొకరు కలరు. రక్తబంధువులు కారు, ఊరి వరుస. వారి తాతగారు గోదావరి డెల్టాలో బియ్యపు వర్తకులు. బియ్యమునకు గోనెసంచులు కావలెను, గోనెసంచులకు కలకత్తా పోవలెను. 1900లో గోదావరిపై రైలు వంతెన తెరచినది మొదలు ఆ ప్రయాణము సులువయ్యెను. అట్లు పోయిన ఒక పర్యాయము కలకత్తాలోని వర్తక మిత్రుడొకరు వారిని దార్జిలింగు కొండలకు తీసికొనిపోయిరి. ఆ మిత్రుని వద్ద కెమేరా యుండెను. ఆయన దారిపొడుగునను తొమ్మిది పటములు తీసి, తానే ముద్రించి, తరువాత టపాలో మా యూరికి పంపిరి. కవరుపైని తపాలా ముద్ర 1908వ సంవత్సరపుది. కవరుతో సహా ఆ పటములన్నియు రేకుపెట్టెలో భద్రముగా నున్నవి.

తొమ్మిదింటి వెనుకను సిరాతో ఒకటే మాట, 'దార్జిలింగు', అని తెలుగున వ్రాసియున్నది. ఆ చేతివ్రాత బాబాయిగారి తండ్రిగారిది. అదే కట్టలో పదవదిగా ఒక రంగుల పోస్టుకార్డు కలదు. దాని వెనుకను అదే చేతివ్రాత, అదే మాట.

ఈ పదింటిలో బాబాయిగారికి ప్రాణప్రదమైనది ఒకటి. అందులో వారి తాతగారు పట్టాల ప్రక్కను గొడుగు పట్టుకొని నిలిచియున్నారు. పంచె, పైపంచె, తలపాగా. వెనుక చిన్న పొగబండి ఇంజను. ఇంజనునకు పైగా వంతెన. ఆ వంతెనమీదుగా మరల పట్టాలే. చుట్టును ఎత్తైన చెట్లు. తాతగారి పటము ఇంట మరియొకటి సరియైనది లేదు. ఒకనాడు బాబాయిగారు దానిని నా చేత బెట్టి, "అబ్బాయీ, నువ్వు చరిత్ర చదివినవాడివి. మా తాత నిలబడ్డ చోటు ఎక్కడో చెప్పు. ఒంట్లో ఓపిక ఉండగానే వెళ్లి అక్కడ ఒకసారి నిలబడి వస్తాను" అనిరి.

నేను భూతద్దముతో చూచితిని. పట్టాలు చుట్టు తిరిగి తమమీదుగా తామే పోవుచున్నవి. దార్జిలింగు కొండబండి త్రోవలో అటువంటి చుట్టు 'బతాసియా' అని లోకప్రసిద్ధము. వెంటనే బతాసియా అని చెప్పితిని. నా మాటను బాబాయిగారు వేదవాక్యముగా గైకొనిరి. బంధువులకందరకు చెప్పిరి. కార్తికమాసములో ఇరువురమును ప్రయాణమైతిమి.

ఆ త్రోవ పుట్టుక కొంత తెలిసినగాని తరువాతి కథ బోధపడదు. దార్జిలింగు ఏడువేల అడుగుల ఎత్తునగల ఊరు. కలకత్తాలోని దొరలకు వేసవిలో అది చల్లని ఆశ్రయము. 1878లో రైలుమార్గము కొండలపాదమునగల సిలిగుడి వరకు వచ్చెను. అక్కడినుండి పైకి బండ్లబాటయే గతి. సిలిగుడిలో టన్ను 98 రూపాయలకు అమ్ముడగు బియ్యము ఎడ్లబండ్లమీద దార్జిలింగు చేరుసరికి 238 రూపాయలయ్యెడిదట. బియ్యపు వర్తకుల ఊరివాడను గనుక ఈ లెక్క నాకు మరపునకు రాదు. ఈస్టరన్ బెంగాల్ రైల్వేకు చెందిన ఫ్రాంక్లిన్ ప్రెస్టేజి అను దొర, ఆ బండ్లబాట అంచుననే సన్నని పట్టాలు పరచి ఆవిరిబండి నడుపవచ్చునని సర్కారునకు విన్నవించెను. 1879లో పని ఆరంభమైనది. 1880 ఆగస్టులో కర్సియాంగు వరకును, 1881 జూలైలో దార్జిలింగు వరకును బండి నడిచినది. పట్టాల నడిమి వెడల్పు రెండే అడుగులు. మన పెద్ద రైలు పట్టాల వెడల్పు అయిదున్నర అడుగులు. ఆ రెండడుగుల పట్టాలపై సుమారు 50 మైళ్ల దూరములో ఆ బండి 7407 అడుగుల ఎత్తుననున్న ఘూమ్ వరకు ఎక్కి, అక్కడినుండి కొంచెము దిగి దార్జిలింగు చేరును.

బాట ఎడ్లకొరకు వేసినది. ఎడ్లు ఎక్కగల నిట్టను ఇంజను ఎక్కలేకపోయినచోట్లు కొన్ని యుండెను. ఇంజను చక్రము నున్ననిది, పట్టా నున్ననిది. నిట్ట మించినచో చక్రము ఉన్నచోటనే తిరుగును. అందుచేత 1882లో సుక్నాకును గయాబారికిని నడుమ నాలుగు చుట్లను, నాలుగు 'వెనుక నడకల'ను కట్టిరి. చుట్టు అనగా తలపాగా చుట్టినట్లు పట్టాలు మెలమెల్లగా ఎత్తు సంపాదించుచు తిరిగి తమ మీదుగా తామే దాటుట. వెనుక నడక అనగా బండి ముందునకు పోయి ఒక మొండిచోట నిలిచి, పట్టా మార్చుకొని, వెనుకకు నడుచుచు పైవాలునకు ఎక్కి, అక్కడ మరల నిలిచి, మరల ముందునకు పోవుట. పైనుండి చూచిన ఇంగ్లీషు 'జెడ్' అక్షరమువలె నుండును. ప్రెస్టేజి దొర దారి తోచక చింతించుచుండగా ఆయన భార్య, 'ముందుకు పోలేకపోతే వెనుకకు రారాదా' అనెనని ఒక కథ చెప్పుకొందురు. కథ అందమైనదే. ఇటువంటి కథలు ప్రతి కనుమకును ఒకటి పుట్టును; దానిని చరిత్రగా లెక్కింపను.

మేము సిలిగుడినుండి మోటారులో పైకి పోతిమి. త్వరపడి చేసిన ఆ పనియు పొరపాటే. బండిలో ఎక్కియున్నచో కన్నులు ముందే తెరచుకొనియుండును. దార్జిలింగులో రాత్రి గడపి, మరునాటి ఉదయము చిన్నబండిలో బతాసియా చేరితిమి. అక్కడ ఇప్పుడు పూలతోట కలదు. స్వాతంత్ర్యానంతరము ప్రాణములర్పించిన గూర్ఖా సైనికులకై 1995లో నెలకొల్పిన స్మారకము నడుమ నిలిచియున్నది. తోట చుట్టును పట్టాలు తిరిగి క్రిందుగా పోవును. ఎదుట, మబ్బు విడినప్పుడు, కాంచనగంగ శిఖరములు తెల్లగా కానవచ్చును. బాబాయిగారు ఉన్నిటోపీ, స్వెట్టరు, దానిపై శాలువ ధరించి పట్టాల ప్రక్కను గొడుగు పట్టుకొని నిలిచిరి. నేను ఫొటో తీసితిని. వారి కన్నులు చెమర్చినవి.

కొంతసేపటికి వారు చేతులు రుద్దుకొనుచు నా వంక చూచి, "అబ్బాయీ, నాకు ఇన్ని బట్టలు వేసుకున్నా ఎముకలు కొరుకుతోంది. మా తాత ఒక్క పైపంచెతో ఎట్లా నిలబడ్డాడురా ఇక్కడ?" అని అడిగిరి.

నేను సమాధానము చెప్పలేకపోతిని. జేబులోని పటము తీసి చూచితిని. ఆకాశమన్నది పటములో వ్రేలెడంతయు లేదు, అన్నియు చెట్లే. మేము నిలిచినదో నాలుగువైపులను తెరపిగానున్న మెట్ట. చెట్లు నూరేండ్లలో నరికియుందురని మనస్సునకు నచ్చజెప్పుకొంటిని. మనస్సు ఒప్పలేదు. తిరుగుబాటలో ఘూమ్ స్టేషనులోని చిన్న ప్రదర్శనశాలకు పోయి, అక్కడి ఉద్యోగిని బతాసియా చుట్టు ఎప్పుడు కట్టిరని అడిగితిని. "1919" అని తడుముకొనక చెప్పెను.

కవరుపై తపాలా ముద్ర 1908. తాతగారు అక్కడ నిలిచిననాటికి బతాసియా చుట్టే లేదు!

ఆ ముద్రను నేను పదిమారులు చూచియుంటిని. చుట్టు ఎప్పటిదో మాత్రము అడుగనైతిని. పటములోనిది చూచి పేరు పెట్టితినిగాని, పేరును కాలముతో సరిచూడలేదు. ఆ రాత్రి బాబాయిగారు నిద్రించిన పిమ్మట పది పటములను మంచముపై పరచి, ఈమారు మనుష్యులను విడిచి నేలను చదువ మొదలుపెట్టితిని.

మొదట రంగుల కార్డును విడదీసితిని. అందులో రెండు పట్టాల నడుమ మూడవదిగా పండ్లవరుసగల ఉక్కుకడ్డీ కలదు. దార్జిలింగు త్రోవలో పండ్లపట్టా ఎన్నడును లేదు. ఆ ఇంజను తన బరువుతోను, పట్టాలపై చల్లు ఇసుకతోను మాత్రమే ఎక్కును. పండ్లపట్టా గలది మన పాత మద్రాసు రాజధానిలోని నీలగిరి రైలు. 1899లో మేట్టుపాళయమునుండి కూనూరు వరకు తెరచిన ఆ త్రోవలో, కల్లారు దాటినది మొదలు కూనూరు చేరువరకు ఇంజను పండ్లచక్రముతో ఆ కడ్డీని పట్టుకొని ప్రాకును. పట్టాల వెడల్పును అక్కడ ఒక మీటరు. ఎవరో నీలగిరికి పోయి కొనితెచ్చిన కార్డు ఈ కట్టలో కలిసినది. 'కొండ, చిన్నబండి' అనగానే బాబాయిగారి తండ్రిగారు దార్జిలింగనిరి. 'చుట్టు' అనగానే నేను బతాసియా అంటిని. వారిని తప్పుపట్టు హక్కు నాకు లేదు.

రెండవది ఓడ పటము. ఇది ఆ యింట అందరకును వింతగనే యుండెడిది. కొండమీద ఓడ యేమిటి? వెనుక మాత్రము 'దార్జిలింగు' అనియే యున్నది. నిజమునకు అది మా ప్రశ్నకు పెద్ద ఆధారము. 1908లో కలకత్తానుండి సిలిగుడికి ఏకముగా రైలు లేదు. పెద్ద రైలులో పద్మానది దక్షిణపు గట్టున దాముక్‌దియా రేవునకు పోయి, పొగ ఓడలో నది దాటి, అవతల సారాఘాటువద్ద మీటరు పట్టాల బండి నెక్కవలెను. నదిపై హార్డింజి వంతెన 1915లోగాని తెరవలేదు. కావున ఆ ఓడ పద్మానదిది. ప్రయాణపు మొదటి ఘట్టము. దీపమునకు దగ్గరగా పట్టి చూడగా ఆ పటము వెనుక మూలను, సిరా మాటకు దూరముగా, చెరిగిపోవుచున్న పెన్సిలు గీత యొకటి కానవచ్చెను. అది గీత కాదు, 1 అను అంకె.

ఒక్కొక్కటిగా తిప్పితిని. తొమ్మిదింటికిని పెన్సిలు అంకెలు కలవు. తీసిన మిత్రుడు తీసిన వరుసను గుర్తుంచుకొనుటకు వేసికొన్నవి. తరువాతి సిరా మాట నల్లగా నుండి మా కన్నులను ఆకర్షించినది. ముందటి పెన్సిలు గురుతు మౌనముగా నుండిపోయినది.

ఇక వరుస ప్రకారము చూచితిని. 2వ పటము చదునైన నేలమీది స్టేషను; ప్రక్కప్రక్కనే రెండు వెడల్పుల పట్టాలు; అది సిలిగుడి. 3వది చిన్న స్టేషను. భూతద్దములో పలకమీది సుక్నా అను ఇంగ్లీషు అక్షరములు స్పష్టము. 5వది మరియొక చిన్న స్టేషను, పలకపై రంగ్‌టంగ్. తాతగారి పటము వెనుకనున్న అంకె 4.

సుక్నా 533 అడుగుల ఎత్తున నున్నది. అక్కడితో మైదానము ముగిసి అడవి మొదలగును. రంగ్‌టంగ్ 1404 అడుగులు. ఈ రెంటి నడుమ త్రోవలో ఒకే చుట్టు ఉండెను. దానిని ఒకటవ నంబరు చుట్టు అనెడివారు. రెండవది రంగ్‌టంగ్ దాటిన పిమ్మట, మూడవది చున్‌భాటీవద్ద, నాలుగవది తిన్‌ధారియాకు పైని.

ఇంతటితో చాలుననుకొనవచ్చును. ఒకమారు దెబ్బతిన్నవాడను గనుక మిగిలిన పటములచేతను సరిచూచుకొంటిని. 6వది నన్ను చాల చిక్కుపెట్టెను. అందులో బండి వెనుక నడకలో నున్నది. కాని లోయ ఎడమ వైపున ఉండవలసినచోట కుడివైపున నున్నది. ఇంజను ప్రక్కనున్న అంకెను భూతద్దముతో చూడగా అద్దములోని అక్షరమువలె తిరుగబడియున్నది. ఇంట ముద్రించునప్పుడు మిత్రుడు నెగటివును తలక్రిందు ప్రక్కన పెట్టెను గాబోలు. పాత పటములలో ఇది సామాన్యము. చొక్కా గుండీలు, అంగడి పలకలు, ఇంజను అంకెలు చూడక కుడియెడమలు నమ్మరాదు.

7వ పటములో పట్టాలు కొండకొమ్మున బహు ఇరుకుగా మెలిక తిరుగుచున్నవి. క్రింద పొగమంచులో మైదానము. అది తిన్‌ధారియాపైని నాలుగవ చుట్టు. దొరలు దానిని 'యాగొనీ పాయింటు' అనిరి, అనగా యాతనల మలుపు. త్రోవ మొత్తములో అంతకంటె ఇరుకైన మెలిక లేదు. దానిని చూచినవారు మరియొకదానితో పొరపడరు. 8వ దానిలో బండి అంగళ్ల నడివీధిని పోవుచున్నది. అంగడి అరుగుమీదివాడు చేయి చాచినచో పెట్టె తగులును. కర్సియాంగు బజారులో నేటికిని అట్లే పోవుచున్నది. 9వది ఘూమ్. అందులో తాతగారు ఎవరిదో కోటు, పైన దట్టపు శాలువ ధరించి, ముడుచుకొని నిలిచియున్నారు. నాలుగవ పటములోని పైపంచె తొమ్మిదవదానిలో శాలువ అయినది! బాబాయిగారి చలి చెప్పిన సాక్ష్యమే సత్యము. నేను చదివిన పుస్తకములకంటె ముందు వారి ఎముకలు గ్రహించినవి.

చెట్లును ఒప్పుకొన్నవి. 4వ పటములోనివి నిటారైన బోదెలుగల సాలవృక్షములు. మన శ్రీకాకుళపు మన్యములో వీనినే గుగ్గిలపు చెట్లందురు. ఇవి కొండపాదమున పెరుగునవి; ఏడువేల అడుగుల చలిలో పెరుగవు. ఘూమ్, సోనాదా ప్రాంతముల నిప్పుడు కనబడు దట్టపు ధూపీ చెట్లు జపానునుండి తెచ్చి నాటినవి. వాని ఆకారమే వేరు.

ఆ పటములో మరియొక మనుష్యుడు కలడని అప్పుడే గమనించితిని. ఇంజను ముందటి దూలముపై చిన్నవాడొకడు కూర్చుండియున్నాడు. వాని పని పట్టాలపై ఇసుక చల్లుట. ఎక్కునప్పుడు చక్రము జారకుండుటకు అట్లు ఇద్దరు ముందు కూర్చుండెడివారు. మరియొకడు బొగ్గుమీద కూర్చుండి గడ్డలు పగులగొట్టెడివాడు. ప్రెస్టేజి దొర పేరు ప్రతి పుస్తకమునను కలదు. ఈ పిల్లవాని పేరు ఏ పటము వెనుకను లేదు. తాతగారివలె వాడును ఎవరికో తాతయై యుండును.

తెల్లవారినది. బాబాయిగారు కాఫీ త్రాగుచుండగా చెప్పితిని. "బాబాయిగారూ, నేను తప్పు చెప్పినాను. ఇది బతాసియా కాదు. మీ తాతగారు నిలుచున్నది క్రింద, సుక్నా అడవిలో, ఒకటవ చుట్టు దగ్గర" అని అంకెలు చూపితిని. వారు చాలసేపు అంకెను చూచి, "అయితే దిగేటప్పుడు అక్కడ దిగుదాం" అనిరి.

అప్పుడు రెండవ మాటయు చెప్పవలసివచ్చెను. అది మొదటిదానికంటె కష్టము. ఆ చుట్టు ఇప్పుడు లేదు.

ఆ కొండలు నిలుకడగలవి కావు. వానలకు నేల జారును. నేల జారినప్పుడెల్ల పట్టాలు కొట్టుకొనిపోవును. పగ్లాఝోరా అని ఒక తావు కలదు, అనగా పిచ్చివాగు. పేరే దాని చరిత్ర. 1897లో భూకంపము, 1899లో గాలివాన, 1934లో మరల భూకంపము ఆ త్రోవను దెబ్బతీసినవి. రెండవ నంబరు చుట్టు 1942లో వరదలకు చెడిపోగా దానిని విడిచి, వేరుగా వెనుక నడకను కట్టిరి. 1948లో భారత ప్రభుత్వము రైలును కొనినది. ఒకటవ చుట్టు 1991 వరదలలో పాడైపోగా దానిని తీసివేసిరి. 1999లో ఐక్యరాజ్యసమితి సంస్థయగు యునెస్కో ఈ త్రోవను ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. అప్పటికి చుట్టు పోయి ఎనిమిదేండ్లు. ఆ తరువాతను 2010లో పగ్లాఝోరావద్ద కొండ విరిగిపడి, అడుగునుండి కొనవరకు బండి మరల నడచుటకు 2015 వరకు పట్టినది.

బాబాయిగారు 1991 అను మాటవద్ద ఆగిరి. "మా నాన్న పోయింది ఎనభై ఎనిమిదిలో. తాత చూసిన కొండ చూసొద్దాం రారా అని ఎప్పుడూ అనేవాడు. పొలం పనులని నేనే దాటవేశాను. అప్పుడు వచ్చివుంటే ఉండేదన్నమాట" అనిరి. నేనేమియు పలుకలేదు.

దిగుట బండిలోనే దిగితిమి. పగలు చాలభాగము పట్టును. నేను పటములను ఒడిలో పెట్టుకొని ఒక్కొక్క చోటును సరిచూచుచుంటిని. కర్సియాంగు బజారు సరిపోయెను. యాతనల మలుపు, కొండ అంచుతో సహా, నూరేండ్ల నాటి పటమును అచ్చముగా పోలినది. చున్‌భాటీలోని మూడవ చుట్టు నిలిచియున్నది. క్రిందినుండి ఎక్కువారికి ఇప్పుడు మొదట ఎదురగు చుట్టు అదియే. పటములు చూపి, వీనిలో ఉన్నచోట్లను, పోయినచోట్లను గార్డునకు చెప్పితిని. ఆయన ఆ త్రోవలో చాలకాలము పనిచేసినవారు. నాలుగవ పటమును తీసికొని తలుపువద్ద వెలుతురులో చూచి, మాటలాడక తిరిగి ఇచ్చిరి.

రంగ్‌టంగ్ దాటి అడవిలో ప్రవేశించితిమి. చలి తగ్గినది. బాబాయిగారు మొదట టోపీ తీసిరి, తరువాత శాలువ, తరువాత స్వెట్టరు. కొంతదూరము పోయిన పిమ్మట గార్డు మావద్దకు వచ్చి చేయి చాచి, "అటు, ఆ చెట్లలో" అని హిందీలో చెప్పిరి. బండి నిలుచుచోటు కాదు. సాలవృక్షములు, క్రింద పొదలు, ఆకులమీద మధ్యాహ్నపు ఎండ. వంతెన లేదు, గట్టు లేదు. బాబాయిగారు కిటికీ కడ్డీ పట్టుకొని, చెట్లు వెనుకకు పోవువరకు చూచిరి. నిమిషము పట్టియుండదు.

సుక్నాలో బండి ఆగినది. వారు క్రిందికి దిగి, నా చేతినుండి గొడుగు తీసికొని, ఒంటిమీద పైపంచె సవరించుకొని, అడవి వెనుకనుండునట్లు నిలిచి, "ఇక్కడ తియ్యి" అనిరి. తీసితిని.

ఊరు చేరిన తరువాత నాలుగవ పటమును తీసి, వెనుక సరియైనది వ్రాయుమనిరి. సిరాతోనున్న 'దార్జిలింగు' మాటను కొట్టివేయవలెనా అని అడిగితిని. "అది మా నాన్న చేతివ్రాత, ఉండనీ. కింద పెన్సిలుతో రాయి" అనిరి. వ్రాసితిని: సుక్నా, రంగ్‌టంగ్‌ల నడుమ, ఒకటవ చుట్టు, 1908. చుట్టు 1991లో పోయినది.